బంతి వంగుటకు మబ్బు కారణమా?
(స్వింగ్ గురించి ప్రచారంలో ఉన్న మాటలపై ఒక విమర్శ)

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం మహబూబాబాద్‌లో కళాశాల విద్యార్థులు క్రికెట్ ఆడుతుండగా నేను గట్టున నిలబడి చూస్తున్నాను. ఆకాశం నిండా మబ్బు కమ్మి ఉన్నది. బంతి వేయబోతున్న పిల్లవాడు నా వైపు తిరిగి, “సార్, ఇయ్యాల మబ్బు పట్టింది. గాల్ల తడి ఎక్కువైతె గాలి బరువైతది, బంతి మంచిగ తిరుగుతది గద?” అన్నాడు. నేను అవునని తల ఊపినాను. రేడియోలోను, టెలివిజన్‌లోను వ్యాఖ్యాతలు చెప్పే మాట అదే. నేనూ తరగతిలో ఒకటి రెండుసార్లు చెప్పిన మాటే. ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క కట్టి చూచుకొన్న తరువాత, నేను ఆ పిల్లవానికి తప్పు చెప్పినట్లు తేలినది. ఈ వ్యాసమునకు కారణం ఆ తప్పే.

మొదట ఆ లెక్కను చూద్దాము. పొడిగాలి సగటు అణుభారము సుమారు 29. నీటి ఆవిరి అణుభారము 18. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనము గల సమాన ఘనపరిమాణాలలో అణువుల సంఖ్య సమానమని అవగాడ్రో నియమము చెపుతున్నది. కాబట్టి గాలిలోనికి ఆవిరి వచ్చి చేరినప్పుడు బరువైన అణువుల చోటును తేలిక అణువులు ఆక్రమిస్తాయి. అనగా తడిగాలి పొడిగాలి కంటె తేలిక. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలి ఆవిరితో పూర్తిగా సంతృప్తమైనను, దాని సాంద్రత ఒకటిన్నర శాతము కంటె కొంచెము మాత్రమే తగ్గుతుంది. “గాలి బరువెక్కుట” అనేది జరుగనే జరుగదు. పదవ తరగతి విద్యార్థి చేయగల ఈ లెక్కను మనలో చాలామందిమి ఎన్నడూ చేయలేదు. విన్న మాటను విన్నట్లే పిల్లలకు అందించినాము.

రెండవ మాట మరింత చిక్కైనది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రములో తిరుగుతూ పోయే బంతిని గురించి, మాగ్నస్ ప్రభావమును గురించి చదువుతాము. బంతి తిరుగుట వలన ఒక పక్క గాలి వేగము హెచ్చి పీడనము తగ్గుతుంది, బంతి ఆ పక్కకు జరుగుతుంది. తిరిగే గుండ్ల దారి పక్కకు మళ్లుటను బెంజమిన్ రాబిన్స్ 1742లోనే చర్చించినాడు. 1852లో మాగ్నస్ ప్రయోగములు చేసినాడు. పాఠములో దోషము లేదు. స్పిన్ బౌలరు బంతి గాలిలో పక్కకు జారుటకు అది సరిపోతుంది. దోషమెక్కడ ఉన్నదనగా, దానినే తీసుకొని వేగపు బౌలరు స్వింగ్‌కు కూడా అతికించుటలో ఉన్నది. స్వింగ్ బౌలరు కుట్టును నిలువుగా పట్టుకొని, వేళ్లతో బంతిని వెనుకకు తిరిగేటట్లు వదలుతాడు. ఆ భ్రమణము వలన కలిగే మాగ్నస్ బలము ముఖ్యముగా పైకి పనిచేస్తుంది, పక్కకు కాదు. మరి ఆ భ్రమణము ఎందుకు? బొంగరము తిరుగుతున్నంతసేపు పడిపోకుండా నిలిచినట్లు, బంతి కుట్టు దారి పొడవునా ఒకే దిశను చూపుతూ ఉండుటకు.

అసలు కారణము బంతి చర్మమును అంటుకొని పోయే పలుచని గాలి పొరలో ఉన్నది. ఈ సరిహద్దు పొర భావమును జర్మనీ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ప్రాండ్ట్‌ల్ 1904లో ప్రతిపాదించినాడు. పొరలో గాలి వరుసలు తీరి జారిపోతే దానిని స్తరీయ ప్రవాహమంటారు. సుడులు పడి కలగాపులగమైతే సంక్షుబ్ధ ప్రవాహమంటారు. స్తరీయమైన పొర బలహీనము. బంతిని త్వరగా విడిచిపోతుంది. సంక్షుబ్ధమైన పొర బయటి గాలి నుండి శక్తిని గ్రహించి, బంతి వెనుక వైపు వరకు అంటిపెట్టుకొని పోతుంది. ప్రాండ్ట్‌ల్ 1914లో ఒక నున్నని గోళమునకు సన్నని తీగను చుట్టి, ఆ తీగ వలన పొర సంక్షుబ్ధమై గోళము మీద గాలి ఈడ్పు తగ్గుటను చూపించినాడు. క్రికెట్ బంతికి ఆ తీగ వంటిదే దాని కుట్టు.

బౌలరు కుట్టును సుమారు 20 డిగ్రీలు పక్కకు వంచి వేసినాడనుకొందాము. కుట్టు ఉన్న పక్క పొర చెదరి సంక్షుబ్ధమవుతుంది, ఆలస్యముగా విడిపోతుంది. రెండవ పక్క నున్నగా ఉండుట వలన పొర ముందే విడిపోతుంది. ఈ అసమానత వలన బంతి వెనుక గాలి నునుపు పక్కకు మళ్లుతుంది. గాలిని ఒక పక్కకు నెట్టిన బంతి రెండవ పక్కకు, అనగా కుట్టు చూపిన దిశకు వంగుతుంది. న్యూటన్ మూడవ నియమమునకు ఇంతకంటె ఇంపైన ఉదాహరణ ఏమున్నది? ఆటగాళ్లు బంతి ఒక పక్కను మాత్రమే మెరుగుపెట్టుటలోని అర్థము కూడ ఇదే. ఉమ్మితో మెరుగుపెట్టుటను అంతర్జాతీయ క్రికెట్ మండలి 2020లో తాత్కాలికముగాను, 2022 అక్టోబరు నుండి శాశ్వతముగాను నిషేధించినది. నాటి నుండి ఆ పనికి చెమటయే శరణ్యము.

వేగము మిక్కిలి హెచ్చినప్పుడు రెండు పక్కల పొరలూ కుట్టు సహాయము లేకనే సంక్షుబ్ధమవుతాయి. అప్పుడు కుట్టు ఆ పక్క పొరను మందపరచి ముందుగానే విడిపోవునట్లు చేస్తుంది. బంతి ఎదురు దిశకు వంగుతుంది. రివర్స్ స్వింగ్ అనేది ఇదే. బంతి గరుకెక్కిన కొలది ఇది తక్కువ వేగముననే సాధ్యపడుతుంది.

“చివరి క్షణములో బంతి హఠాత్తుగా తిరిగినది” అనే మాటను కూడ పరీక్షింపవలసి ఉన్నది. బంతి గంటకు 108 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 30 మీటర్లు పోతున్నదనుకొనుడు. 18 మీటర్ల దూరమునకు 0.6 సెకను పడుతుంది. పక్క బలము బంతి బరువులో మూడవ వంతు అనుకొంటే, మొదటి 0.3 సెకనులో బంతి సుమారు 15 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది, తరువాతి 0.3 సెకనులో సుమారు 44. బలము మొదటి నుండి చివరి వరకు ఒక్కటే. కాలవర్గము వలననే వంపు చివరన ఎక్కువగా కనుపిస్తుంది. హఠాత్తుగా తోచినదానిలో చాలా భాగము పరావలయము చేసిన మాయ.

ఇక మన వాని ఉదాహరణ. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ తుది ఆట జరిగినది. వాన వలన ఆట ఆలస్యముగా మొదలైనది. హైదరాబాదు బౌలరు మహమ్మద్ సిరాజ్ ఒకే ఓవరులో నాలుగు వికెట్లు తీసి, మొత్తము 21 పరుగులకు 6 వికెట్లు పడగొట్టినాడు. శ్రీలంక 50 పరుగులకే ముగిసినది. “తేమ వలన జరిగినది” అన్నవారున్నారు. కొలంబో సముద్రపు ఒడ్డున ఉన్న నగరము. అక్కడి గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. తేమయే కారణమైతే అక్కడ ప్రతి ఆటలోను ఇట్లే జరుగవలెను కదా! హైదరాబాదు సందులలో టెన్నిస్ బంతితో ఆడి పెరిగిన ఒక యువకుని మణికట్టుకు, అతని సాధనకు చెందవలసిన కీర్తిని మనము మబ్బునకు కట్టబెట్టుట న్యాయము కాదు.

అయితే ఆటగాళ్ల అనుభవమంతా భ్రమయేనా? అట్లని తోసివేయుట కూడ శాస్త్రీయము కాదు. 2012లో షెఫీల్డ్ హాలమ్, ఆక్లండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు తేమను మార్చుతూ బంతి ఆకారమును కొలిచి చూచినారు. స్వింగ్‌ను మార్చగల తేడా కనుపించలేదు. వారు మరియొక సూచన చేసినారు. ఎండ కాసినప్పుడు నేల వేడెక్కి, గాలి పైకి లేచి, మైదానములో చిన్న చిన్న కదలికలు పుడతాయి. అవి నునుపు పక్కనున్న సున్నితమైన పొరను చెదరగొట్టవచ్చును. మబ్బు పట్టిన నాడు గాలి నిలకడగా ఉంటుంది. అనగా మబ్బు వలన మేలు కలుగవచ్చును, కాని గాలి బరువు వలన కాదు. ఇది సూచన మాత్రమే, రుజువని చెప్పరాదు. పరిశీలన నిజమై, కారణము తప్పై ఉండవచ్చునను సంగతిని విద్యార్థికి నేర్పుటకు ఇది చక్కని పాఠము.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. గాలి సొరంగము మన బడులలో లేదు. కాని నున్నని ప్లాస్టిక్ బంతి, దారము, జిగురు, పొడవు కొలిచే టేపు ఉన్నవి. బంతి చుట్టూ దారము అతికించి, విద్యార్థులచేత ముందుగా తమ అంచనా వ్రాయించి, పిదప వేయించండి. మబ్బు నాడు పది బంతులు, ఎండ నాడు పది బంతులు. ఎంత వంగినదో కొలిచి పట్టికలో వ్రాయించండి. ఫలితము ఏదైనను సరే, అది వారు స్వయముగా కనుగొన్నది అవుతుంది.

నేను తప్పు చెప్పిన ఆ విద్యార్థిని మరునాడు పిలిచి, అవగాడ్రో నియమముతో లెక్క చేయించినాను. అతడు కాసేపు ఆలోచించి, “మరి నిన్న మస్తు తిరిగింది గద సార్, ఎందుకు?” అని అడిగినాడు. ఆ ప్రశ్నకే మేము ఇప్పుడు పట్టిక వ్రాస్తున్నాము.