డ్రైవ్‌షాఫ్టు మరకు ఆకురాయి వైద్యం

1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5 రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. దాని వెనుక చక్రం బేరింగు మార్చాలంటే హబ్బు మధ్యలోని పెద్ద నట్టు విప్పాలి. ఆ నట్టు వదులు కాకుండా దాని అంచును డ్రైవ్‌షాఫ్టు గాడిలోకి నొక్కి ఉంచుతారు. విప్పే ముందు ఆ నొక్కును సన్నని ఉలితో పైకి లేపాలి. తొందరపడి నేరుగా ఇంపాక్ట్ గన్ పెడితే, ఆ అంచు షాఫ్టు మరను గీరుకుంటూ బయటికొస్తుంది.

రెండో గండం సుత్తి. శీతాకాలంలో రోడ్లపై ఉప్పు చల్లే బ్రిటన్ లాంటి చోట్ల షాఫ్టు పళ్లు తుప్పుపట్టి హబ్బులో బిగుసుకుపోతాయి. ఉత్త షాఫ్టును సుత్తితో కొడితే కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. పాత నట్టును కొసతో సమంగా ఎక్కించి, పుల్లరుతో నెడితే ఈ తిప్పలే ఉండవు.

మర పాడైందనగానే డై పెట్టి కొత్తగా కోసేద్దామనిపిస్తుంది. నా దృష్టిలో అది చివరి మార్గం. ఇలాంటి మరలు చాలావరకు కోసినవి కావు, గట్టి రోలర్ల మధ్య నొక్కి తీసినవి. వాటి బలం ఆ నొక్కుడులోనే ఉంది. డై కాస్త వంకరగా కూర్చున్నా మంచి లోహాన్ని తినేస్తుంది. మనకు కావలసింది కొత్త మర కాదు, ఒరిగిన లోహం తిరిగి దాని చోటికి రావడం.

అందుకు మూడంచుల ఆకురాయి చాలు. దాని కోణం 60 డిగ్రీలు, మెట్రిక్ మర కోణమూ అంతే. ఇంజినీరు విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన బ్రిటిష్ మర 55 డిగ్రీలది కాబట్టి, పాత ఇంగ్లిష్ కారైతే ముందు గేజి పెట్టి చూడాలి. పైకి లేచిన బొడిపెలను మాత్రమే తీయాలి, లోయ అడుగును తాకకూడదు. మన ఐటీఐల్లో ఫిట్టరు పిల్లలు తొలి రోజుల్లో గంటలతరబడి ఆకురాయి పట్టేది ఇలాంటి చేతివాటం కోసమే. ఆ చదువును చిన్నచూపు చూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఆపై అసలు కిటుకు. అదే కొలత నట్టును నిలువునా రెండు ముక్కలుగా కోసి, లోపలి వైపు చెక్కుచెదరని మరపై అమర్చి, క్లాంపుతో బిగించి, నూనె వేసి, బయటికి తిప్పుకుంటూ రావాలి. మంచి చుట్లే దారి చూపిస్తాయి కనుక వంకరపోదు. చివరికి కొత్త నట్టు ఆ మేర అంతా చేతివేళ్లతోనే ఎక్కాలి.

దెబ్బ ఎక్కడుందో చూశాకే బాగుచేయాలా, మార్చాలా అన్నది తేలుతుంది. నట్టు ఆనే వైపు మొదటి చుట్టే దాదాపు మూడోవంతు భారం మోస్తుంది. కొసన ఒకటి రెండు చుట్లు నలిగితే పరవాలేదు. లోపలి చుట్లు చిరిగినా, షాఫ్టు పగిలినా మార్చేయాలి. తొలి తరం ఎంఎక్స్-5లో ఈ నట్టు బిగింపు 216 నుంచి 294 న్యూటన్ మీటర్లు. బేరింగును పట్టి ఉంచేది ఆ బిగింపే. వెల్డింగుతో లోహం నింపి కొత్త మర తీస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ వేడికి ఉక్కు పదును చెడుతుంది. పాత సామాన్ల కొట్లో షాఫ్టు కొనేటప్పుడు కూడా చేతిలో ఒక మంచి నట్టు ఉంచుకుని, అక్కడే ఎక్కించి చూడాలి.