బొగ్గు రాసిన దొర

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు వరసపెట్టి తుపాకులు పట్టుకుపోయిన మూడు పోలీస్ స్టేషన్లలో మూడోది మా ఊరిదే. బడి వార్షికోత్సవానికి ఆ దాడినే నాటకం వేశాం. సీతారామరాజు వెంట నడిచిన గంటందొర, మల్లుదొరల్లో నాది గంటందొర వేషం. మేకప్ మాస్టారు బొగ్గుపొడి కొబ్బరినూనెలో రంగరించి నా చెవుల వెనకదాకా పట్టించారు. మల్లుదొర వేషం కట్టినవాడు నిజంగానే కొండదొరల పిల్లాడు, నాకంటే ఓ చాయ తెలుపు. వాడికీ బొగ్గే. "లేకపోతే కొండవాడిలా కనపడవురా" అన్నారు మాస్టారు. నేను పకపకా నవ్వాను. వాడు నవ్వలేదు.

చాలా ఏళ్లకు, పాత ఇంగ్లీషు నాటకాల గురించి చదువుతుంటే ఆ బొగ్గు మళ్లీ చేతికంటింది. 1605 జనవరిలో లండన్ వైట్‌హాల్ రాజభవనంలో బెన్ జాన్సన్ రాసిన 'మాస్క్ ఆఫ్ బ్లాక్‌నెస్' ఆడారు. రాణి ఆన్, ఆమె చెలులు నైజర్ నది కూతుళ్లుగా ముఖాలకూ చేతులకూ నల్లరంగు పూసుకుని వచ్చారు. అంతకుముందు ఇలాంటి వేషానికి నల్లముసుగో గుడ్డో కట్టి సరిపెట్టేవారు. రాణి ఒంటికే రంగు పూసుకోవడం చూసి డడ్లీ కార్ల్‌టన్ అనే పెద్దమనిషి ఈసడించుకుంటూ ఉత్తరం రాశాడు. కథ ప్రకారం ఆ కన్యలు తెల్లబడాలి. పూసిన రంగు అక్కడికక్కడ వదులుతుందా? తెల్లబడ్డ ముఖాలు చూపించడానికి 1608లో ఇంకో ఆట కట్టారు. 'ఒథెల్లో' కూడా ఆ రాజభవనంలోనే, 1604 నవంబరు 1న ఆడారు. అందులో నల్లవాడైన ఒథెల్లో వేషం బర్బేజ్ అనే తెల్లనటుడిది.

ఆ రాణికి నిజమైన ఆఫ్రికా ముఖంతో పనిలేదు, నలుపంటే సభకు ఏమనిపించాలో తెలిస్తే ఆమెకు సరిపోయింది. మా మాస్టారికి కొండదొరలు ఇరుగుపొరుగే. రోజూ చూసే ముఖం వేదికమీద ఎందుకు చెల్లలేదో నాకిప్పటికీ మింగుడుపడదు.

మా నాటకంలో తెల్ల అధికారికి దట్టంగా పౌడరు కొట్టి, "దొరగారూ" అని పిలిచాం. మమ్మల్ని గంటం, మల్లు అన్నారు. కొండల్లో దొర అంటే వీళ్లే కదా! ఆ స్టేషన్లో బందీగా ఉండి దాడిలో విడుదలైనవాడి పేరు వీరయ్యదొర. బొగ్గు దండిగా దొరికింది గానీ, పేరు చివరి రెండక్షరాలకే కరువొచ్చింది.

మేకప్ వద్దనను. దీపాల వెలుగులో కళ్లు తెలియాలంటే కాటుక దిద్దాల్సిందే, ముసలి వేషానికి గడ్డం నెరవాల్సిందే. వచ్చే ఆగస్టు 24న ఈ నాటకం వేసేవాళ్లకు ఒక్క మనవి: బొగ్గు డబ్బా ఇంట్లో వదిలి రండి. గంటందొరను గంటందొర అనే పిలవండి.