రెండుకీ ఎనిమిదికీ మధ్య

బెజవాడలో ఫ్లూ టీకాకి మంచి అదను మే నెల. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ వానాకాలంలో విజృంభిస్తుంది. టీకా పడ్డాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. అంటే తొలకరికి ముందే, రోహిణీ కార్తె ఎండల్లోనే సూది పడాలి. ఆ మందేమో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. బయట నలభై దాటిన ఎండ! ఈ పేచీని చడీచప్పుడు లేకుండా చక్కబెట్టే సిస్టర్ల పనితనం నన్నెప్పుడూ ఆకట్టుకుంటుంది.

వేడికి టీకా పాడవుతుందని అందరికీ తెలుసు. ఇలాంటి టీకా గడ్డకట్టినా పారెయ్యాల్సిందేనని తెలిసినవాళ్లు తక్కువ. బుధ, శనివారాల్లో పిల్లల టీకాలకు బయల్దేరే ఏఎన్ఎంలను గమనించండి. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాకులను తిన్నగా క్యారియర్లో పెట్టరు. బల్లమీద పరిచి, పైన చెమట పట్టేదాకా ఆగుతారు. తర్వాత ఒక్కోదాన్నీ కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపుతారు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తేనే పెట్టెలోకి. ఎంత తొందరలో ఉన్నా ఈ కాసేపు ఆగడంలోనే ఉంది నేర్పంతా. నాగాయలంక నుంచి నది పాయ దాటి ఎదురుమొండి దీవులకు వెళ్లాల్సిన మందుకైనా ఇదే కాపలా.

ఈ కాపలాకి రిహార్సల్ కూడా జరిగింది. 2020 డిసెంబరు 28, 29 తేదీల్లో కోవిడ్ టీకాకి డ్రై రన్ జరిపిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి; ఇక్కడ అందుకు ఎంచుకున్నది కృష్ణా జిల్లానే. అసలు మందు లేకుండా, నిల్వ నుంచి సూది దాకా వరస మొత్తం ఆడి చూపించారు.

ఇక చెయ్యి. సిస్టర్ భుజం ఎముక అంచును వేలితో తడిమి, అక్కణ్నుంచి రెండు మూడు వేళ్ల కిందికి కొలుస్తుంది. జబ్బ కండ దిట్టంగా ఉండేది అక్కడే. మరీ పైన పొడిస్తే కీలుకు తగిలి వారాల తరబడి బాధపెడుతుంది. "చెయ్యి వదులుగా పెట్టండి బాబాయిగారూ, బిగబట్టకండి. ఇంట్లో ఆవకాయ పెట్టేశారా?" ఆయన జవాబు వెతుక్కునేలోపు సూది నిట్టనిలువునా దిగి, అర మిల్లీలీటరు మందు లోపలికెళ్లి, సూది బయటికొచ్చేస్తుంది. దూది అద్ది పట్టుకోమంటుంది, రుద్దనివ్వదు. వాడిన సూదికి తిరిగి మూత పెట్టదు. అప్పుడు వేళ్లకు గుచ్చుకునే ప్రమాదం ఉంది.

ఈ అర మిల్లీలీటరు వెనక గుడ్డు కథ ఒకటుంది. ఫ్లూ టీకాల్లో ఎక్కువ భాగం నేటికీ పొదిగిన కోడిగుడ్లలో వైరస్ పెంచి, దాన్ని చంపి చేసేవే. (గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందుండే రాష్ట్రం మనది, కాకపోతే టీకాల గుడ్లకి వేరే కోళ్లు, వేరే షెడ్లు.) ఏ రకాలు పెంచాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి చెబుతుంది. వైరస్ వేషం మారుస్తూ ఉంటుంది కనుక నిరుటి సూది ఈ ఏటికి చాలదు. బి రకంలోని యమగాటా 2020 మార్చి తర్వాత ఎక్కడా ఖాయంగా దొరకలేదు; అందుకే టీకాలు నాలుగు రకాల నుంచి మళ్లీ మూడుకి దిగుతున్నాయి.

నా ఫిర్యాదు ఒక్కటే. ఇంత చెయ్యితిరిగిన సిస్టర్లు ప్రతి పీహెచ్‌సీలో ఉన్నా, ఫ్లూ టీకా సర్కారు ఉచిత టీకాల జాబితాలో లేదు. ముసలివాళ్లు, గర్భిణులు, ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్లు సూర్యారావుపేట ఆసుపత్రుల్లో డబ్బు పెట్టి వేయించుకోవాలి. లంక పల్లెల కూలీ కుటుంబాలకు అది దూరాభారం, ఖర్చు కూడా.