ఈత వేగము చేప క్షేమమునకు కొలబద్ద యగునా?

పెంపకపు చేప సుఖముగా నున్నదో, బాధపడుచున్నదో తెలిసికొనుట సులభము కాదు. అది మూలుగదు, ముఖము ముడువదు. రక్తములోని కార్టిసాల్ అను హార్మోనును కొలిచి ఒత్తిడిని గుర్తింపవచ్చును. కాని రక్తము తీయుటకు చేపను పట్టవలెను; పట్టినంతనే అది బెదరును, కొద్ది నిమిషములలోనే కార్టిసాల్ పెరుగ నారంభించును. అందుచేత ఈతను గమనించియే చేప స్థితిని నిర్ణయింపవలెనను ఆలోచన బలపడినది.

కెటరీనా మార్టిన్స్, ఆమె సహపరిశోధకులు 2012లో 'ఫిష్ ఫిజియాలజీ అండ్ బయోకెమిస్ట్రీ' పత్రికలో ప్రకటించిన సమీక్ష ఈ విషయమున విలువైనది. మేతకు ఎదురుచూచుట, మేత తినుట, ఈత, శ్వాసవేగము మొదలగు వానిని వారు క్షేమసూచికలుగా పరిశీలించిరి. ప్రవర్తనను త్వరగా, సులభముగా గమనింపవచ్చుననియు, కనుక పెంపకము జరుగు చోటనే వాడవచ్చుననియు వారి వాదము. గమనించుట సులభమే. కాని ఈ సూచికలలో ఈత నొక్కదానినే విడదీసి అంకెగా మార్చినపుడు, దానికి అర్థము చెప్పుట సులభము కాదు.

కొల్లేటి ప్రాంతమున శీలావతి, బొచ్చె చేపలను పెంచు రైతులకు ఈ చిక్కు తెలిసినదే. మేతవేళ చేపలు పైకి వచ్చినచో అది ఆకలికి గుర్తు. తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్లు తెరచినచో నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గుర్తు. రాత్రియంతయు చేపలతోపాటు నీటిలోని నాచుకూడ దానిని వాడుకొనును. కదలిక ఒకటే, వేళను బట్టి అర్థము మారును.

నార్వే సముద్రతీరమున వలపంజరములలో పెంచు సాల్మన్ చేపల విషయము ఇంకను జటిలము. అవి పగలు గుంపుగా వలయాకారమున ఈదును; చీకటిపడగనే వేగము తగ్గి గుంపు సడలును. వేగము హఠాత్తుగా హెచ్చినచో భయము కావచ్చును. ఐనను, మితమైన ప్రవాహమున కెదురీదిన సాల్మన్ కుటుంబపు చేపలు బాగుగా పెరుగునని పలు ప్రయోగములలో తేలినది. కనుక ఎక్కువ ఈత యంతయు కీడు కాదు.

అట్లే తక్కువ ఈత యంతయు శాంతి కాదు. ఎదుగుదల నిలిచి, నీటిపై మందకొడిగా తేలు పెంపకపు సాల్మన్ చేపలను మార్కో విందాస్ బృందము పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించినది. వానిలో కార్టిసాల్ అధికముగా నున్నది. మెదడులో సెరొటోనిన్ చర్యయు హెచ్చియున్నది. యంత్రము ఇట్టి చేపలను ప్రశాంతముగా నున్నవని లెక్కించినచో, బాధపడు జీవికి సాయము అందకపోవును.

సగటు లెక్కలోను ఇదే ప్రమాదము కలదు. నార్వే నిబంధనల ప్రకారము ఒక్కొక్క పంజరమున 2,00,000 చేపల వరకు ఉండవచ్చును. కొద్ది చేపలకు పరికరములు తగిలించి తీసిన సగటులో నీరసించినవి కానరావు. పైగా తగిలించుటకు చేపను పట్టక తప్పదు. అది తేరుకొనిన తరువాతి లెక్కలే నమ్మదగినవి.

మరి ఈ పద్ధతిని విడిచిపెట్టవలెనా? అక్కరలేదు. 1964లో కెనడా శాస్త్రజ్ఞుడు జె. ఆర్. బ్రెట్ ప్రకటించిన పరిశోధనలో, ప్రవాహమున ఈదు చేపల వేగముతోపాటు అవి వాడుకొను ప్రాణవాయువును కూడ కొలిచెను. మొప్పలు చెడిన చేపకు మామూలు వేగమే పెద్ద శ్రమ యగును. ఆ శ్రమ వేగపు అంకెలో కనబడదు. 2019లో స్పెయిన్ పరిశోధకులు వివరించిన చిన్న పరికరమును మొప్పమూతకు తగిలింతురు. అది కదలికను, శ్వాసను రెంటిని నమోదుచేయును. సరియైన త్రోవ ఇదియే.

ఈత లెక్కను హెచ్చరికగా గ్రహింపవచ్చును. అంకె మారినపుడు వేళ, నీటి వేడిమి, ప్రాణవాయువు, మేత, మొప్పల స్థితి చూచిన పిమ్మటనే చేప క్షేమమును గూర్చి తీర్పు చెప్పుట న్యాయము.