ఇరవైలో ఎనిమిది

వీధి క్రికెట్‌లో బుడ్డోణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకోవడం అందరికీ తెలిసిందే. వాడు ఔటైనా ఔట్ కాదు, కొట్టినా పరుగు లెక్కలోకి రాదు. పెద్దయ్యాకా చాలా ఆటల్లో ఇదే వరస. మనకంటే బాగా ఆడేవాడితో టెన్నిస్‌కి దిగితే, ఆయన జాలిపడి మెల్లగా కొడతాడు, లేదంటే అరగంటలో ఇంటికి పంపిస్తాడు. గోల్ఫ్‌లో ఆ రెండు అవమానాలూ లేవు. నాకెన్ని షాట్లు వదలాలో ఆటకు ముందే లెక్క తేలి ఉంటుంది. అదే హ్యాండీక్యాప్.

ఒకప్పుడు ప్రపంచంలో ఈ లెక్కలు ఆరు రకాలు. 2020లో గోల్ఫ్ నియమాలు చూసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు వాటన్నిటినీ కలిపి ఒకే పద్ధతి చేశాయి. మన దగ్గర ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌కు అనుబంధంగా ఉన్న క్లబ్బులో చేరితే అక్కడే నమోదవుతుంది. కావలసింది 54 హోల్స్ స్కోర్లు, అంటే మూడు పూర్తి ఆటలు. పక్కన ఆడినవాళ్లు సాక్షులు.

ఆ మూడింట్లో ఒకదాంట్లో బంకర్‌లో దిగబడ్డాను. కొట్టిన ప్రతిసారీ ఇసుక లేచింది, బంతి లేవలేదు. పార్ 4, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌కి పదకొండు షాట్లు పట్టాయి. కార్డులో పదకొండు వేయబోతుంటే హ్యాండీక్యాప్ లెక్కకు తొమ్మిదే చాలన్నారు. ఇంకా హ్యాండీక్యాప్ రానివాడికి ఒక్కో హోల్‌లో పార్ మీద అయిదు వరకే లెక్క. ఒక్క గుంట పాపానికి ఆట మొత్తాన్ని శిక్షించరన్నమాట.

తరువాతిది కూడికలు, తీసివేతలే. ఆరితేరినవాడికి ఆ కోర్సులో పట్టే షాట్లు, అంటే కోర్సు రేటింగ్ 71, స్లోప్ 125 అనుకుందాం. నేను 98 కొట్టాను. 98లోంచి 71 తీసేస్తే 27. దాన్ని 113తో గుణించి 125తో భాగిస్తే 24.4. మూడు ఆటల్లో ఇదే తక్కువైతే, అందులోంచి ఇంకో రెండు తీసేసి 22.4ను నా హ్యాండీక్యాప్ ఇండెక్స్‌గా ఇస్తారు. పార్ 72 ఉన్న అదే కోర్సులో అది 24 షాట్లవుతుంది.

ఆ 113 ఏమిటంటే, మామూలు కష్టమున్న కోర్సు స్లోప్. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది. కోర్సు ఆరితేరినవాణ్ణి ఎంత ఇబ్బంది పెడుతుందో, మాలాంటివాళ్లను అంతకన్నా ఎంత ఎక్కువ పెడుతుందో చెప్పే అంకె అది. టీ నుంచి 250 గజాలు కొట్టేవాడికి 200 గజాల దగ్గరున్న చెరువు కనబడనే కనబడదు. 200 కొట్టేవాడి బంతి నేరుగా అందులోకే. అందుకే గోల్కొండ నయాఖిల్లాలో తెచ్చుకున్న ఇండెక్స్‌ను విశాఖ తీసుకెళ్లినా చెల్లుతుంది; అక్కడి స్లోప్‌ను బట్టి షాట్లు మారతాయంతే.

చాలామంది పొరబడేది ఒకచోట. హ్యాండీక్యాప్ మన సగటు కాదు. ఇరవై ఆటలు నిండాక, చివరి ఇరవైలో మేలైన ఎనిమిదింటి సగటు. మిగతా పన్నెండూ ఫైల్లో ఉంటాయి గానీ ఆ సగటులోకి రావు. కాబట్టి ఎక్కువ రోజులు మనం మన అంకె కంటే ఘోరంగానే ఆడతాం. అది తెలియనివాళ్లు క్లబ్‌హౌస్‌లో తలపట్టుకుని కూర్చుంటారు. నాకు ఈ ఏర్పాటే నచ్చింది. మనిషి చేతనైనంతలో ఎంత ఆడగలడో అడుగుతుంది తప్ప, ప్రతి ఆదివారం అలాగే ఆడాలని పట్టుబట్టదు.

ఇది నిలబడాలంటే మంచిదీ చెడ్డదీ రెండూ ఎక్కించాలి. చెడ్డ కార్డులు జేబులో దాచుకుని పన్నెండు హ్యాండీక్యాపంటూ ఉత్తరకుమారుడిలా తిరిగేవాళ్లున్నారు. పందెం పడితే డబ్బు పోయేది వాళ్లదే. ఇంకో రకం మంచి కార్డులు దాచి అంకె పెంచుకుని కప్పులు పట్టుకుపోతుంది. వీళ్లకు కొంత కళ్లెం ఉంది. ఏడాదిలో తాకిన కనిష్ఠ ఇండెక్స్ మీద అయిదుకు మించి పెరగనివ్వరు. ఇండెక్స్ కంటే ఏడు మెరుగ్గా ఒక్క స్కోరు వచ్చినా అంకెను ఒకటి కోసేస్తారు. మిగతాది పక్కన ఆడేవాడి కళ్ల మీదే ఆధారం.

ఇండెక్స్ చేతికొచ్చాక మా క్లబ్బు సీనియర్ ఒకాయన కాఫీ పందెం అన్నారు. ఆయనకు ఆరు షాట్లు, నాకు ఇరవై నాలుగు. చివరి గ్రీన్ మీద ఆయన నాలుగడుగుల పట్ అంచు తాకి పక్కకు పోయింది. ఆయన 78, నేను 95. షాట్లు తీసేస్తే ఆయనకు 72, నాకు 71. పదిహేడు షాట్లు ఎక్కువ కొట్టినవాడు గెలవడమేమిటని ఇంట్లో ఇప్పటికీ నమ్మరు. ఆయన మాత్రం నా కార్డు తీసుకుని హోల్ తరవాత హోల్ సరిచూసి సంతకం పెట్టారు.

"వెంటనే ఎక్కించండి," అన్నారు కాఫీ చెబుతూ. "వచ్చేవారం మీకు రెండు షాట్లు తగ్గుతాయి."