పాత సామాను కళలో ముఖ్యార్థబాధ: లక్షణా దృష్టితో ఒక పరిశీలన

పాడైన రేడియో, వెలగని పిక్చర్ ట్యూబు, తెగిన క్యాసెట్ టేపు మొదలైనవాటితో చేసినది కళ అవునా కాదా అన్న చర్చకు నేడు పెద్ద ప్రాధాన్యం లేదు. ఆ వస్తువుల పూర్వజీవితం కృతిలో అర్థంగా నిలిచిందా, లేక ఉత్త బరువుగా మిగిలిందా అన్నదే విచారించదగిన విషయం. ఇందుకు మన ఆలంకారికులు చెప్పిన లక్షణావృత్తి పనికివస్తుంది.

లక్షణకు మమ్మటుడు మూడు హేతువులు చెప్పాడు: ముఖ్యార్థబాధ, ముఖ్యార్థంతో సంబంధం, రూఢి లేదా ప్రయోజనం. గంగలో గొల్లపల్లె ఉందంటే ప్రవాహంలో పల్లె పొసగదు కనుక ఒడ్డు అని గ్రహిస్తాం. ఆ ఒడ్డు గంగకు ఆనుకొని ఉన్నందువల్లనే నది చల్లదనమూ పావనత్వమూ పల్లెకు సంక్రమిస్తాయి. సంబంధం తెగితే ప్రయోజనం కూడా పోతుంది.

పలకని రేడియోకు ముఖ్యార్థబాధ ఆదోని గుజరీ అంగడిలోనే పూర్తవుతుంది. అక్కడ రేడియో అయినా సైకిలు చక్రమైనా తక్కెడ మీదికి పోవలసిందే. అంటే మొదటి హేతువు శిల్పికి శ్రమ లేకుండా దొరుకుతుంది. రెండవదాన్ని మాత్రం అతడే సాధించుకోవాలి.

తెలుగునాట ఈ తరహా శిల్పానికి ప్రసిద్ధి తెచ్చినది తెనాలిలోని సూర్య శిల్పశాల. అక్కడ కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర సుమారు 75,000 ఇనుప నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహాన్నీ, 2021లో ఇనుప తుక్కుతో 14 అడుగుల నరేంద్ర మోదీ విగ్రహాన్నీ రూపొందించారు. పోలిక పట్టడంలో వారి నేర్పు కాదనలేనిది. అయితే నట్టు ఇక్కడ మట్టి చేయగల పనే చేస్తోంది. దూరం నుంచి గాంధీ కనిపిస్తాడు, దగ్గరికి వెళ్తే నట్లు కనిపిస్తాయి. ఈ రెండు చూపులకూ మధ్య వంతెన లేదు. 'హింద్ స్వరాజ్' (1909)లో యంత్ర నాగరికతను అంత తీవ్రంగా నిరసించిన మనిషిని యంత్రపు ముక్కలతోనే కట్టడంలో ఎంతో వ్యంగ్యార్థానికి చోటుంది. విగ్రహం ఆ జోలికి పోలేదు. పోలికే ప్రయోజనమైన చోట సంబంధాన్ని ఎవరూ అడగరు మరి.

కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ 1974 నాటి 'టీవీ బుద్ధ'లో ఒక బుద్ధ ప్రతిమ ఎదుట టీవీని ఉంచి, కెమెరా ద్వారా ఆ ప్రతిమ బింబాన్నే అందులో చూపించాడు. టీవీ టీవీగా ఉంటూనే ధ్యానానికి అద్దమైంది. 1988లో అతడు 1,003 టీవీలతో నిలిపిన గోపురం పిక్చర్ ట్యూబులు పాతబడి 2018లో ఆగిపోయింది. మరమ్మతు తరువాత 2022లో మళ్ళీ వెలిగింది. టీవీలు వెలగకపోతే ఆ కృతే లేదు. తెనాలి నట్టుకు ఈ గండం లేదు, ఈ గౌరవమూ లేదు.

ఇదే కొలతను చేనేత పట్టణమైన ఎమ్మిగనూరుకు వర్తింపజేస్తే, టీవీ కంటే ముందు తలచుకోవలసిన మాధ్యమం జకార్డు అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది, లేనిచోట పోగు కదలదు. బట్ట కంటే ముందే పువ్వు అట్టలో రాసి ఉంటుందన్నమాట. 1839లో ఫ్రాన్సులో సుమారు 24,000 అట్టలతో జకార్డు చిత్రపటాన్నే పట్టులో నేశారు. దాని ప్రతి ఒకటి గణనయంత్రాలు ఊహించిన బాబేజ్ దగ్గర ఉండేది. 1890 అమెరికా జనగణనలో హోలరిత్ వాడినవీ రంధ్రాల కార్డులే. కాబట్టి ఆదోని తక్కెడ మీది కంప్యూటరు బోర్డుకూ ఈ అట్టకూ ఉన్నది వంశసంబంధం. ఒక కృతి ఈ రెంటినీ పక్కపక్కన నిలిపితే, రెండవ హేతువు వస్తువులలోనే సిద్ధంగా ఉంటుంది.

చిక్కు మొదటి హేతువు దగ్గర వస్తుంది. రేడియో మూగబోయింది, సరే. మగ్గం మూగబోయిందని తీర్పు చెప్పినది ఎవరు? మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం పేరుతోనే ఎమ్మిగనూరు బయటి ఊళ్ళకు తెలిసింది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చేసిన కేంద్ర చట్టం దృష్టిలోనూ మగ్గం గతించిన వస్తువు కాదు. మరమగ్గం గుడ్డ ధరకు తూగలేక మూలపడిన అట్టను, కాలం చెల్లినదంటూ శిల్పి తీసుకుంటే, అతడు జరగని బాధను జరిగినట్టు చూపుతున్నాడు. నేతగాడు ఆ అట్టను పారేశాడా, పారేయవలసి వచ్చిందా అన్న తేడా కృతిలో కనిపించకపోతే, తెనాలి నట్టు విషయంలో చెప్పిన లోపమే ఇక్కడా వస్తుంది. పైగా ఇక్కడ దాన్ని భరించేవాడు ఇంకా మగ్గం గుంటలోనే కూర్చొని ఉన్నాడు.