నేరేడు పండు వగరు

బెంగళూరు నుంచి తమ్ముడు తెచ్చిన పదమూడేళ్ల మెర్లో సీసాను మొన్న అనంతపురంలో మా మామతో కలిసి తెరిచాను. వెనక అంటించిన చీటీలో ప్లమ్, బ్లాక్ చెర్రీ, దేవదారు, తోలు అని నాలుగు వాసనలు రాసున్నాయి. వాటిలో మామ ఎరిగింది తోలొక్కటే. ఒక గుక్క తాగి, "ఏందల్లుడా ఇది, నేరేడు పండ్లు తిన్నాక నోరు పట్టేసినట్టుండాదే!" అన్నాడు.

ఆ చీటీకంటే ఇదే మంచి విమర్శ అనిపించింది నాకు. టానిన్లు చేసే పని అదే మరి. లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని నాలుకను గరుకు చేస్తాయి. వైన్ పుస్తకాలు దీన్ని స్పర్శ కింద జమకడతాయి. మనం మాత్రం వగరు అని పేరు పెట్టి షడ్రుచుల్లో కూర్చోబెట్టాం. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి, కొంత మడ్డిగా అడుక్కి దిగుతాయి. వగరు మెత్తబడుతుంది, ఊదా ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది. గ్లాసు వంచి చూస్తే అంచున మా చేని మట్టి రంగే కనబడింది.

మెర్లో సొంతూరు ఫ్రాన్సులోని బోర్డో. అక్కడివాడు ప్లమ్ అంటే తప్పు లేదు, అది వాడి పెరటి పండు. ఎన్నడూ కొరకని పండు పేరు చెప్పి మనం తలాడించడమే తప్పు. 2004లో వచ్చిన 'సైడ్‌వేస్' సినిమాలో హీరోకి మెర్లో పేరంటేనే మంట. కానీ అతను ప్రాణంగా దాచుకున్న 1961 నాటి షెవాల్ బ్లాంక్‌లో ఉన్నది కాబర్నే ఫ్రాంక్, మెర్లోల కలయికే. అరువు మాటలతో రుచి చెబితే ఇలాగే ఉంటుంది.

వైన్ రాతల్లో నాకు మింగుడుపడని మాట ఇంకోటుంది: "ఎద్దడి పడ్డ తీగే గొప్ప వైన్ ఇస్తుంది." నిజమే, నీళ్లు తగ్గితే కాయ చిన్నదై, రసంతో పోలిస్తే తోలు పాలు పెరుగుతుంది. ఇది చెబితే మామ నవ్వలేదు. "మాకేమన్నా ఎద్దడి తక్కువైందా అల్లుడా?" అన్నాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఊడలు దిగే వేళ నేల గట్టిపడితే వేరుశనగకు గొప్పతనమేమీ రాదు, కాయే రాదు. ఎద్దడిని కొలిచి పెట్టేవాడు వేరు, అది నెత్తిన పడినవాడు వేరు. ఆ తేడా చెప్పని పొగడ్త నా మటుకు నాకు అబద్ధమే.

ఇక ఈ సీసా సంగతి. పండు వాసన సన్నబడింది, పులుపు నిలిచింది. ఇంకో రెండేళ్లు ముందే తెరవాల్సింది. మామ రెండో గ్లాసు వద్దన్నాడు. అడుగున మిగిలిన మడ్డిని వేలితో నాకి, "వగరంతా ఈడుండాదిలే" అన్నాడు.